ప్రాజెక్టు వద్దంటున్న ఊళ్ళ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

గని, రిఫైనరీ, డ్యామ్, థర్మల్ ప్లాంటు ఏదైనా సరే, వస్తోందని తెలియగానే ఊరు ఊరంతా రోడ్డు మీదికి వస్తే దూరం నుంచి చూసేవాళ్ళకు చాలా సందేహాలు వస్తాయి. ఎక్కువగా వినిపించే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. నేను ఊళ్ళ పక్షాన నిలబడి రాస్తున్నాను, ఆ సంగతి ముందే చెప్పడం మంచిది. అలాగని ఊళ్ళకు ఇబ్బందిగా ఉండే ప్రశ్నలను వదిలిపెట్టలేదు.

వీళ్ళంతా అభివృద్ధికి వ్యతిరేకులా?

కాదు. బడి, ఆసుపత్రి, కరెంటు, రోడ్డు వద్దని ధర్నా చేసిన ఊళ్ళు కనిపించవు. వాళ్ళు వద్దంటున్నది ఫలానా ప్రాజెక్టును, ఫలానా చోట. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో థర్మల్ ప్లాంటును అడ్డుకున్నవాళ్ళ ఇళ్ళలోనూ కరెంటు దీపాలే వెలుగుతాయి. ప్లాంటుకు కేటాయించిన చోటు వాళ్ళ బీల. నీళ్ళు నిలిచే ఆ చిత్తడి నేలను నమ్ముకుని చేపలు పట్టేవాళ్ళు, పశువులు మేపేవాళ్ళు, పంట పండించేవాళ్ళు బతుకుతున్నారు. ప్రభుత్వ కాగితాల్లో మాత్రం అది పనికిరాని భూమి.

అభివృద్ధి కావాలా వద్దా అని అడిగితే ఈ గొడవ ఎప్పటికీ అర్థం కాదు. ఎవరి నీళ్ళు తీసుకుంటున్నారు, లాభం ఎవరికి పోతుంది, ఎవరిని అడిగి నిర్ణయించారు అని అడగాలి.

పర్యావరణ నష్టం నష్టం అంటారు. అది లెక్కల్లో ఎక్కడ కనిపిస్తుంది?

కంపెనీ లెక్కల్లో కనిపించదు. అసలు సమస్య అదే. ముడిసరుకుకు, జీతాలకు, బ్యాంకు వడ్డీకి కంపెనీ డబ్బు కడుతుంది. తన వ్యర్థాలను మోసుకుపోయే వాగుకు, తన పొగను పీల్చుకునే ఊపిరితిత్తులకు ఏమీ కట్టదు. ఆ ఖర్చు వేరేవాళ్ళ ఇళ్ళకు చేరుతుంది. ఒకరికి ఆసుపత్రి బిల్లుగా, ఒకరికి ఎండిపోయిన బోరుగా, ఒకరికి ఖాళీగా వచ్చిన వలగా.

ఇది ఎలా జరుగుతుందో తెలుసుకోవాలంటే జపాన్‌లోని మినమాటా కథ తెలియాలి. చిస్సో అనే రసాయనాల కంపెనీ 1932 నుంచి 1968 వరకు అక్కడ అసిటాల్డిహైడ్ అనే రసాయనం తయారు చేస్తూ, పాదరసం కలిసిన వ్యర్థాలను సముద్రంలోకి వదిలింది. చేపల్లోకి చేరిన మిథైల్ మెర్క్యురీ అనే పాదరసపు విషం ముందు పిల్లులను చంపింది, తర్వాత మనుషులను పట్టుకుంది. చేతులు వణకడం, చూపు కుంచించుకుపోవడం, మాట తడబడటం, చివరికి మరణం. తల్లి కడుపులో ఉండగానే జబ్బు సోకిన పిల్లలు కూడా ఉన్నారు. 1956లో ఈ జబ్బును అధికారికంగా గుర్తించారు. 1959లో కంపెనీ ఆసుపత్రి డాక్టరే ఫ్యాక్టరీ వ్యర్థాలను ఒక పిల్లికి తినిపించి చూశారు. దానికి అదే జబ్బు వచ్చింది. కంపెనీ ఆ ఫలితాన్ని బయటకు రానివ్వలేదు. అదే ఏడాది డిసెంబరులో బాధితుల చేత ఒక ఒప్పందం మీద సంతకాలు పెట్టించుకుంది. సానుభూతి కింద కొంత డబ్బు ఇస్తాం, రేపు ఫ్యాక్టరీ వల్లే జబ్బు వచ్చిందని తేలినా ఇక అడగకూడదు అని అందులో రాసుంది. వ్యర్థాలను శుద్ధి చేసే యంత్రం అంటూ ఒకటి ఆర్భాటంగా పెట్టారు, అది పాదరసాన్ని తొలగించడానికి చేసింది కాదు.

ఆ తర్వాత ఇంకో తొమ్మిదేళ్ళు వ్యర్థాలు సముద్రంలోకి పోతూనే ఉన్నాయి. ఆ పాత పద్ధతిలో ఉత్పత్తి 1968లో ఆగిపోయింది. ఆగిన కొద్ది నెలలకు గానీ ఈ జబ్బుకు కారణం ఫ్యాక్టరీయేనని ప్రభుత్వం ప్రకటించలేదు. రోగులు ఒక్కో షేరు కొనుక్కుని వాటాదారుల సమావేశానికి వెళ్ళి యాజమాన్యాన్ని ఎదురుగా నిలదీశారు. 1973లో కోర్టు ఆ పాత ఒప్పందం చెల్లదని, కంపెనీ పరిహారం చెల్లించాల్సిందేనని తీర్పు ఇచ్చింది. అధికారికంగా గుర్తించిన బాధితులే 2,200 మందికి పైగా ఉన్నారు. గుర్తింపు కోసం ఆ తర్వాత దశాబ్దాల పాటు కోర్టుల చుట్టూ తిరిగినవాళ్ళు వేరే.

తర్వాతి కథల్లో చాలావాటికి ఇదే వరస. ముందు పశుపక్ష్యాదులు, తర్వాత పేదవాళ్ళు, తర్వాత దాచిన నివేదిక, తర్వాత నోరు మూయించే ఒప్పందం.

అనుమతులు, తనిఖీలు, కాలుష్య నియంత్రణ మండళ్ళు ఉన్నాయి కదా?

ఉన్నాయి. అవి లేకపోతే పరిస్థితి ఇంకా ఘోరంగా ఉండేది. కానీ కాగితం ఉన్నంత మాత్రాన రక్షణ ఉన్నట్టు కాదు.

బ్రెజిల్‌లోని బ్రుమాడిన్యో దగ్గర వాలే కంపెనీ ఇనుప గనికి వ్యర్థాలు నిల్వ చేసే ఆనకట్ట ఒకటి ఉండేది. 2018లో ఒక పేరున్న తనిఖీ సంస్థ అది భద్రంగా ఉందని సర్టిఫికెట్ ఇచ్చింది. 2019 జనవరి 25న అది తెగింది. కార్మికుల క్యాంటీన్ దాని దిగువనే ఉంది. 270 మంది చనిపోయారు. సర్టిఫికెట్ ఇచ్చే సంస్థకు ఫీజు కట్టేది గని యజమానే అన్నది మరిచిపోకూడదు. దీనికి మూడేళ్ళ ముందే, 2015 నవంబరులో, అదే రాష్ట్రంలోని మరియానాలో వాలే, బీహెచ్‌పీల ఉమ్మడి కంపెనీ ఆనకట్ట తెగి 19 మంది చనిపోయారు. అయినా పాఠం నేర్చుకోలేదు.

విశాఖపట్నంలో 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. ఉత్పత్తికి కావలసిన పర్యావరణ అనుమతి తమకు లేదని అంతకు ఏడాది ముందు ఆ కంపెనీయే అఫిడవిట్‌లో రాసిచ్చింది. లేదని తెలిసీ ఎవరూ ఆపలేదు.

శుద్ధి ప్లాంటు ఉంది కాబట్టి భయం లేదు అనుకోవడానికీ వీల్లేదు. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థ జలాలు చేరే ఉమ్మడి ప్లాంటు ఉంది. అక్కడ శుద్ధి అయి బయటకు వస్తున్న నీటిని పరీక్షిస్తే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ కనిపించిందని 2007లో ఒక పరిశోధన వెల్లడించింది. అంటే వాగులోకి పోతున్నది నేరుగా యాంటీబయాటిక్. మందులకు లొంగని బ్యాక్టీరియా అక్కడ పెరిగితే అది పటాన్‌చెరులోనే ఆగిపోదు.

ప్రాజెక్టు వల్ల కలిగే ప్రభావం మీద నివేదిక ఎవరు రాస్తారు?

చాలా దేశాల్లో కంపెనీ డబ్బిచ్చి పెట్టుకున్న కన్సల్టెంటే రాస్తాడు. అందుకే దాన్ని చదివేటప్పుడు, రాసిన మాటల కన్నా వదిలేసిన విషయాల మీద ఎక్కువ దృష్టి పెట్టాలి. నీటి కొలతలు ఏ నెలలో తీసుకున్నారు? ఒక్క సీజన్‌లోనే తీసుకుంటే వాగు ఏడాదంతా ఎలా ఉంటుందో వాళ్ళకు తెలిసినట్టు కాదు. చిత్తడి నేలను బీడు భూమి అని రాశారా? పశువులు మేపుకునేవాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు, పట్టా లేకుండా సాగు చేసుకునేవాళ్ళు ప్రభావితుల జాబితాలో ఉన్నారా? వేరే ప్రాజెక్టు నివేదిక నుంచి ఎత్తిరాసిన పేరాలు ఉన్నాయా? పక్కన ఇప్పటికే ఉన్న ఫ్యాక్టరీల పొగతో కలిపి లెక్క వేశారా, లేక ఇదొక్కటే ఉన్నట్టు చూపించారా? గని మూసేశాక గొయ్యిని ఎవరు పూడుస్తారు, ఆ డబ్బు ఇప్పుడే ఎక్కడైనా డిపాజిట్ చేస్తున్నారా?

సోంపేటలో ఊళ్ళవాళ్ళు సరిగ్గా ఇక్కడే పట్టుకున్నారు. బీల చిత్తడి నేల అని ఆధారాలతో చూపించారు. 2010 జూలైలో జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ప్లాంటు అనుమతిని రద్దు చేసింది. అదే సమయంలో, జూలై 14న, ఊళ్ళో పోలీసు కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. రద్దు ఉత్తర్వు కొన్నాళ్ళ ముందు వచ్చి ఉంటే వాళ్ళు బతికి ఉండేవాళ్ళు.

ఉద్యోగాలు వస్తాయి కదా, మరి ఎందుకు వద్దంటారు?

కొన్ని వస్తాయి. ఆ మాట కాదనడం సరికాదు. ఊళ్ళో చదువుకుని ఖాళీగా ఉన్న కుర్రాళ్ళు ఉద్యోగం అడగడంలో తప్పు లేదు.

కాకపోతే లెక్క పూర్తిగా చూడాలి. నిర్మాణం జరిగే రెండు మూడేళ్ళలో కూలి పని చాలా ఉంటుంది. ప్లాంటు నడవడం మొదలయ్యాక యంత్రాలు ఎక్కువ, మనుషులు తక్కువ. ఆ తక్కువలోనూ నైపుణ్యం కావలసిన ఉద్యోగాలు బయటివాళ్ళకు పోతాయి, ఊరివాళ్ళకు కాంట్రాక్టరు కింద గేటు కాపలా, ఊడ్చే పని, లోడింగ్ మిగులుతాయి. మరోపక్క ఆ నేల, ఆ నీళ్ళు అప్పటిదాకా ఇచ్చిన పనిని ఎవరూ లెక్కపెట్టరు. చేపల వేట, పశువుల మేత, అడవి నుంచి తెచ్చే ఫలసాయం, కౌలు సేద్యం జీతం చీటీలు ఇచ్చే పనులు కావు. ప్రాజెక్టు రిపోర్టులో వచ్చే ఉద్యోగాల అంకె ఉంటుంది, పోయే పనుల అంకె ఉండదు.

పరిహారం ఇస్తే సరిపోదా?

పోయింది ఏమిటన్న దాన్ని బట్టి ఉంటుంది. ఇల్లు కదిలిస్తే ఇల్లు కట్టివ్వవచ్చు. ఎకరానికి ఎకరం ఇవ్వవచ్చు, చాలాసార్లు అదీ ఇవ్వరు. 1947 నుంచి 2000 దాకా భారతదేశంలో ప్రాజెక్టుల వల్ల దాదాపు 6 కోట్ల మంది నిర్వాసితులయ్యారని, లేదా జీవనాధారం కోల్పోయారని పరిశోధకుడు వాల్టర్ ఫెర్నాండెజ్ అంచనా వేశారు. వాళ్ళలో చాలామందికి సరైన పునరావాసం దక్కలేదు.

కొన్నిటికి మాత్రం వెల కట్టడమే కుదరదు. 2020 మేలో రియో టింటో కంపెనీ ఇనుప ఖనిజం కోసం పశ్చిమ ఆస్ట్రేలియాలోని జూకన్ గార్జ్‌లో రాతి గుహలను పేల్చేసింది. 46,000 ఏళ్ళుగా మనుషులు వాడుకున్న ఆనవాళ్ళు ఉన్న చోటు అది, అక్కడి ఆదివాసులకు పవిత్రమైనది. పేలుడుకు చట్టప్రకారం అనుమతి ఉంది. తర్వాత కంపెనీ క్షమాపణ చెప్పింది, సీఈవో పదవి వదులుకున్నాడు. గుహలు తిరిగి రావు.

డబ్బు వచ్చేచోట కూడా ఎప్పుడు వస్తుంది, ఎంత వస్తుంది అన్నది చూడాలి. భోపాల్‌లో 1984 డిసెంబరులో గ్యాస్ లీకైతే 1989లో యూనియన్ కార్బైడ్‌తో 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. బాధితుల సంఖ్య, జబ్బుల తీవ్రత పూర్తిగా తేలకముందే కుదిరిన రాజీ అది. ఇంకా పరిహారం కావాలన్న పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2023లో కొట్టేసింది. ఫ్యాక్టరీలో మిగిలిన 337 టన్నుల విష వ్యర్థాలను అక్కడి నుంచి తరలించింది 2025 జనవరిలో. లీకైన 40 ఏళ్ళకు!

కేరళలోని ప్లాచిమడలో కోకాకోలా ప్లాంటు వచ్చాక బావుల్లో నీళ్ళు తగ్గాయి, ఉన్న నీళ్ళు తాగడానికి పనికిరాకుండా పోయాయి. మయిలమ్మ అనే ఆదివాసీ మహిళ ముందు నిలబడి 2002లో ఉద్యమం మొదలుపెట్టింది. 2003లో పంచాయతీ లైసెన్స్ పునరుద్ధరించనంది, 2004లో ప్లాంటు మూతపడింది. నష్టం విలువ 216 కోట్ల రూపాయలని 2010లో ప్రభుత్వం వేసిన కమిటీ తేల్చింది. ఆ డబ్బు ఇప్పించే ట్రిబ్యునల్ కోసం 2011లో శాసనసభ బిల్లు ఆమోదిస్తే రాష్ట్రపతి ఆమోదం రాలేదు. గెలిచిన ఊరికే పరిహారం అందని పరిస్థితి ఇది.

ఎప్పుడూ పేదల ఊళ్ళు, ఆదివాసుల కొండలే ఎందుకు?

ఖనిజం ఎక్కడ ఉంటే అక్కడే తవ్వాలి, నిజమే. తూర్పు కనుమల్లో అల్యూమినియం తీసే బాక్సైట్ ఖనిజం కొండల పైభాగాన ఉంది, ఆ కొండల్లో ఉండేది ఆదివాసులు. కానీ చెత్త ఎక్కడ పారబోయాలో, పొగగొట్టం ఎక్కడ పెట్టాలో భూగర్భశాస్త్రం చెప్పదు. అది మనుషులు చేసే ఎంపిక.

అమెరికాలో నార్త్ కరొలైనాలోని వారెన్ కౌంటీలో నల్లజాతి పేదలు ఎక్కువ. 1982లో పీసీబీ అనే రసాయనం కలిసిన విషపు మట్టిని పూడ్చడానికి ప్రభుత్వం ఆ చోటునే ఎంచుకుంది. జనం లారీలకు అడ్డంగా రోడ్డు మీద పడుకున్నారు. 500 మందికి పైగా అరెస్టయ్యారు. మట్టిని ఆపలేకపోయారు గానీ, విషం ఎవరి ఇళ్ళ పక్కకు చేరుతోందన్న ప్రశ్న దేశమంతా పాకింది. 1987లో వచ్చిన ఒక అధ్యయనం, విష వ్యర్థాల కేంద్రాలు ఎక్కడ ఉన్నాయో చెప్పడానికి ఆదాయం కన్నా జాతే బలమైన గుర్తు అని తేల్చింది. లాయరును పెట్టుకోలేని ఊరు, ఎన్నికల్లో లెక్కకు రాని ఊరు, వార్తాపత్రికల్లో కనపడని ఊరు ఏదో వెతికితే దాని పక్కన ఇలాంటి ప్లాంటు దొరికే అవకాశం ఎక్కువ.

సైన్స్ తెలియని ఊరివాళ్ళ భయాలను ఎంతవరకు నమ్మాలి?

ప్రతి భయమూ నిజం కాదు. పుకార్లు ఉద్యమాల్లోనూ పుడతాయి. ప్రతి జబ్బునూ ఫ్యాక్టరీ ఖాతాలో వేస్తే అసలు కేసు బలహీనపడుతుంది, ఇది ఉద్యమకారులు జాగ్రత్త పడాల్సిన విషయం.

అయినా నష్టాన్ని మొదట పసిగట్టేది అక్కడ బతికేవాళ్ళే. మినమాటా జాలరులకు పిల్లులు ఎందుకు చస్తున్నాయన్న అనుమానం శాస్త్రవేత్తలు రాకముందే ఉంది. అమెరికాలో లవ్ కెనాల్ దగ్గర, పూడ్చిన రసాయనాల మీద కట్టిన కాలనీలో లోయిస్ గిబ్స్ అనే గృహిణి ఇంటింటికీ తిరిగి జబ్బులను మ్యాప్ మీద గుర్తుపెట్టింది. జబ్బులు పాత నీటి కాలువల దారి వెంట గుంపుగా కనిపించాయి. అధికారులు మొదట దాన్ని ఇల్లాళ్ళ లెక్క అని తోసిపుచ్చారు. చివరికి వందల కుటుంబాలను ఖాళీ చేయించారు, 1980లో కలుషిత స్థలాలను శుభ్రం చేయడానికి అమెరికా సూపర్‌ఫండ్ చట్టమే తెచ్చింది. కాలిఫోర్నియాలో 1990ల్లో రిఫైనరీల పక్కన ఉండేవాళ్ళు ప్లాస్టిక్ బకెట్, సంచి, చిన్న పంపు కలిపి గాలి నమూనాలు పట్టే పరికరం వాడటం మొదలుపెట్టారు. వాసన వచ్చిన ఆ నిమిషంలోనే నమూనా పట్టి ల్యాబ్‌కు పంపుతారు. ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి గాలి తేరుకుంటుంది కాబట్టి ఆ నమూనా విలువ చాలా ఎక్కువ.

వెనక ఎవరో బయటివాళ్ళు రెచ్చగొడుతున్నారని అంటారు. నిజమా?

లాయర్లు, డాక్టర్లు, విద్యార్థులు, స్వచ్ఛంద సంస్థలు బయటి నుంచి వస్తారు. కంపెనీ కూడా బయటి నుంచే వస్తుంది, కన్సల్టెంట్లను, పీఆర్ ఏజెన్సీలను వెంటబెట్టుకుని. పొద్దున పని మానుకుని నెలల తరబడి టెంటు కింద కూర్చోవడం ఎవరో చెబితే చేసే పని కాదు.

స్థానికుల సమ్మతి అనేది చట్టంలో ఎక్కడైనా ఉందా?

ఉంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1989లో చేసిన 169వ ఒప్పందం, ఐక్యరాజ్యసమితి 2007 ఆదివాసీ హక్కుల ప్రకటన ఈ సూత్రాన్ని చెబుతాయి. సమ్మతి ముందుగా తీసుకోవాలి, ఒత్తిడి లేకుండా తీసుకోవాలి, సమాచారమంతా ఇచ్చాక తీసుకోవాలి. బుల్డోజర్లు వచ్చాక పెట్టే మీటింగ్ సమ్మతి కిందికి రాదు. తెలియని భాషలో నివేదిక చేతికిచ్చి సంతకం అడగడం కూడా అంతే.

భారతదేశంలో రెండు తీర్పులు తప్పక తెలుసుకోవాలి. విశాఖ మన్యంలోని గనుల లీజుల మీద సమత సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రభుత్వ భూమిని ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకివ్వడం చెల్లదని చెప్పింది. రెండోది ఒడిశాలోని నియమగిరి. డోంగ్రియా కోందులు అనే ఆదివాసులు దేవుడిగా కొలిచే ఆ కొండ మీద వేదాంత కంపెనీ అల్యూమినా రిఫైనరీ కోసం బాక్సైట్ తవ్వాలనుకున్నారు. ఆ కొండ పైభాగం వాన నీటిని పీల్చుకుని ఏడాది పొడవునా ఊటలుగా వదులుతుంది, తవ్వితే ఊటలు పోతాయి. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, అటవీ హక్కుల చట్టం ప్రకారం గ్రామసభలు తేల్చాలని చెప్పింది. ఎక్కడెక్కడ సభలు పెట్టాలో రాష్ట్ర ప్రభుత్వమే ఎంపిక చేసింది, 12 ఊళ్ళు. జిల్లా జడ్జి సమక్షంలో జూలై, ఆగస్టు నెలల్లో సభలు జరిగాయి. ఎంచుకున్న ఊళ్ళు చాలా తక్కువని అప్పుడు విమర్శలు వచ్చాయి. అయినా 12కు 12 ఊళ్ళూ వద్దన్నాయి. అడిగితే ఏం జరుగుతుందో నియమగిరి చూపించింది, చాలాచోట్ల అడగకపోవడానికి కారణం కూడా అదేనని నా నమ్మకం.

ఎదురు తిరిగినవాళ్ళకు ఏమవుతుంది?

నైజీరియాలోని ఒగోనీ ప్రాంతంలో షెల్ దశాబ్దాల పాటు చమురు తీసింది. పొలాల్లో, వాగుల్లో చమురు చిమ్మింది, గ్యాస్ మంటలు రాత్రింబవళ్ళు మండాయి. 1993 జనవరి 4న దాదాపు 3 లక్షల మంది ఒగోనీలు శాంతియుతంగా ఊరేగింపు తీశారు. ఆ జాతి జనాభాలో సగానికి పైగా! ఆ ఏడాదే షెల్ అక్కడ ఉత్పత్తి ఆపింది. 1995 నవంబరు 10న సైనిక ప్రభుత్వం ఉద్యమ నాయకుడు, రచయిత కెన్ సారో-వివాను, మరో ఎనిమిది మందిని ఉరితీసింది. 2011లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ ఆ నేలను పరీక్షించి, పూర్తిగా కోలుకోవడానికి 25 నుంచి 30 ఏళ్ళు పట్టవచ్చని చెప్పింది. ఒక ఊరి తాగునీటి బావుల్లో బెంజీన్ అనే విష రసాయనం, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పరిమితికి 900 రెట్లు మించి ఉంది.

హొండురాస్‌లో లెంకా జాతి నదిని డ్యామ్ నుంచి కాపాడటానికి పోరాడిన బెర్తా కాసెరెస్‌ను 2016 మార్చిలో ఇంట్లోనే కాల్చి చంపారు. డ్యామ్ కంపెనీ ఉన్నతాధికారికి ఈ హత్యలో భాగం ఉందని తర్వాత కోర్టు తేల్చింది. తూత్తుకుడిలో స్టెర్లైట్ రాగి కర్మాగారం మూసేయాలన్న ఉద్యమం 100వ రోజు, 2018 మే 22న, ఆ మర్నాడు జరిగిన పోలీసు కాల్పుల్లో 13 మంది చనిపోయారు. భూమిని, పర్యావరణాన్ని కాపాడబోయి హత్యకు గురైనవాళ్ళు 2012 నుంచి 2023 దాకా ప్రపంచమంతటా 2,100 మందికి పైగా ఉన్నారని గ్లోబల్ విట్నెస్ సంస్థ నమోదు చేసింది.

చంపడం దాకా పోనిచోట కేసులు పెడతారు. ఒక్కొక్కరి మీద పది, ఇరవై కేసులు. శిక్ష పడకపోయినా వాయిదాలకు తిరగడంతోనే బతుకు గడుస్తుంది, లాయరు ఫీజుకు పొలం అమ్ముకోవాల్సి వస్తుంది. పత్రికల్లో రాని అణచివేత ఇది.

ఊరంతా ఒకే మాట మీద ఉంటుందా?

చాలాసార్లు ఉండదు. భూమి ఉన్నవాళ్ళకు పరిహారం ఆశ చూపిస్తారు, కౌలుదార్లకు, కూలీలకు ఏమీ రాదు. కాంట్రాక్టులు దక్కినవాళ్ళు ఒక వైపు, మిగతావాళ్ళు ఒక వైపు అవుతారు. పెళ్ళిళ్ళకు పిలుచుకోనంత దాకా వెళ్ళిన గొడవలు ఉన్నాయి. పపువా న్యూ గినీలోని బూగన్‌విల్‌లో 1972లో మొదలైన పంగూనా రాగి గని వంద కోట్ల టన్నులకు పైగా వ్యర్థాలను నదుల్లో కలిపింది. దాని రాయల్టీ పంపకాల మీద పాత తరానికి, కొత్త తరానికి మధ్య పగలు పెరిగాయి. 1989లో తిరుగుబాటుతో గని మూతపడింది, ఆ వెంటే వచ్చిన అంతర్యుద్ధం 1998 దాకా సాగి వేల ప్రాణాలు తీసింది. సమాజాన్ని చీల్చడం కూడా ప్రాజెక్టు చేసే నష్టమే, దాన్ని ఏ నివేదికలోనూ రాయరు.

కోర్టుకు వెళ్తే న్యాయం దొరుకుతుందా?

కొన్నిసార్లు, ఆలస్యంగా. పెద్ద కంపెనీలు ఒక్కో దేశంలో ఒక్కో అనుబంధ సంస్థ పెడతాయి. ఇక్కడ కేసు వేస్తే డబ్బు లేదంటారు, అక్కడ వేస్తే మాకు సంబంధం లేదంటారు. ఈ గోడలో ఈమధ్య పగుళ్ళు వస్తున్నాయి. నైజీరియాలోని బోడోలో 2008లో చమురు చిమ్మితే జాలరులు లండన్‌లో కేసు వేశారు, 2015లో షెల్ 5.5 కోట్ల పౌండ్లకు రాజీకి వచ్చింది. నైజీరియాలో జరిగిన నష్టానికి మాతృ సంస్థ మీద బ్రిటన్‌లో కేసు నడపవచ్చని 2021లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది.

ప్రభుత్వమే ప్రాజెక్టును కాదంటే అక్కడితో అయిపోతుందా?

అక్కడితో కాకపోవచ్చు. పెట్టుబడి ఒప్పందాల కింద కంపెనీలు దేశాల మీదే కేసులు వేస్తాయి. బంగారు గనికి అనుమతి ఇవ్వలేదని ఎల్ సాల్వడార్ మీద ఒక కంపెనీ 25 కోట్ల డాలర్లు అడిగింది. 2016లో దేశమే గెలిచింది, కానీ ఏడేళ్ళ పోరాటం చిన్న దేశానికి మామూలు ఖర్చు కాదు. ఆ భయంతోనే ముందే తల వంచే ప్రభుత్వాలు ఉంటాయి.

గాలిమరలు, సోలార్ లాంటి మంచి ప్రాజెక్టులను కూడా అడ్డుకుంటే వాతావరణ మార్పు సంగతేమిటి?

ఇది న్యాయమైన ప్రశ్న. బొగ్గు తగ్గాలి, వేగంగా తగ్గాలి. అయితే మంచి పని చేస్తున్నాం కాబట్టి అడగక్కర్లేదు అనుకుంటే పాత తప్పే మళ్ళీ జరుగుతుంది. నార్వేలోని ఫోసెన్‌లో 151 గాలిమరలను సామీ ఆదివాసుల రెయిన్‌డీర్ జింకలు శీతాకాలంలో మేసే చోట పెట్టారు. ఆ లైసెన్సులు సామీల హక్కులను ఉల్లంఘించాయని 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. తీర్పు తర్వాత కూడా మరలు తిరుగుతూనే ఉన్నాయి. 2023లో యువత మంత్రిత్వ శాఖల గుమ్మాల ముందు బైఠాయించాక గానీ ప్రభుత్వం క్షమాపణ చెప్పలేదు, పరిష్కార ఒప్పందాలు ఆ తర్వాతే కుదిరాయి. ముందే అడిగి స్థలం మార్చి ఉంటే ఏళ్ళ తరబడి కోర్టులు ఉండేవి కావు, కరెంటూ వచ్చేది.

మా ఊరికి ఇలాంటిది వస్తోందని విన్నాం. మొదట ఏం చేయాలి?

ఈ రోజు ఊరు ఎలా ఉందో రికార్డు చేయండి. రేపు నష్టం జరిగాక, అంతకుముందు నీళ్ళు బాగున్నాయని నిరూపించాల్సిన భారం మీ మీదే పడుతుంది. బావులు, బోర్ల నీటిని గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో పరీక్ష చేయించి తేదీతో సహా దాచండి. వేసవిలోనూ, వానాకాలంలోనూ చెరువుల ఫొటోలు తీయండి. ఎవరు ఏ భూమిని, ఏ నీటిని ఎలా వాడుకుంటున్నారో పట్టా ఉన్నా లేకపోయినా రాసిపెట్టండి. ఆడవాళ్ళను తప్పకుండా అడగండి, నీళ్ళు మోసేది వాళ్ళు కాబట్టి వాళ్ళకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

పూర్తి నివేదికను మీ భాషలో ఇవ్వమని లిఖితపూర్వకంగా అడగండి, రసీదు తీసుకోండి. హాజరు పట్టీ అని చెప్పి పెట్టించుకున్న సంతకాలు తర్వాత అంగీకార పత్రాలుగా మారిన ఫిర్యాదులు చాలాచోట్ల ఉన్నాయి, కాబట్టి ఖాళీ కాగితం మీద సంతకం వద్దు. ప్రజాభిప్రాయ సేకరణలో మాట్లాడింది మినిట్స్‌లోకి ఎక్కిందో లేదో చూసుకోండి, వీడియో తీసుకోండి. అనుమతి ఉత్తర్వు మీద అప్పీలుకు గడువు రోజుల లెక్కన ఉంటుంది, ఆ తేదీ దాటితే ఎంత బలమైన కేసైనా కష్టమే. ప్రాజెక్టుకు అప్పు ఇస్తున్న బ్యాంకు ఏదో కనుక్కోండి. 1993లో నర్మద మీది సర్దార్ సరోవర్ ప్రాజెక్టు నుంచి ప్రపంచ బ్యాంకు తప్పుకోవడానికి, దాని సొంత స్వతంత్ర సమీక్షలో తప్పులు బయటపడటమే కారణం.

ఒకసారి గెలిస్తే ఇక భయం లేదా?

ఉంటుంది. అమెజాన్‌లోని యాసునీ పార్కులో చమురును భూమిలోనే ఉంచాలని 2023 ఆగస్టులో ఈక్వెడార్ ప్రజలు దాదాపు 59 శాతం ఓట్లతో తీర్పిచ్చారు. ఏడాదిలో అక్కడి చమురు బావులన్నీ మూయాలి. ఏడాది గడిచేసరికి మూసివేత అప్పుడే మొదలైంది, మిగతావి మూయడానికి ఇంకా ఏళ్ళు కావాలని ప్రభుత్వం చెప్పింది. తూత్తుకుడిలో కర్మాగారం మూసేశాక కంపెనీ ఆరేళ్ళు కోర్టుల్లో ప్రయత్నించింది, 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఎల్ సాల్వడార్ అంతర్జాతీయ కేసు గెలిచి, 2017లో లోహాల గనులన్నిటినీ నిషేధించింది. ప్రపంచంలో అలా చేసిన మొదటి దేశం అదే. 2024 డిసెంబరులో, తర్వాత వచ్చిన ప్రభుత్వం ఆ నిషేధాన్ని ఎత్తేసింది. గని వద్దని పోరాడిన ఊళ్ళు మళ్ళీ మీటింగులు పెట్టుకుంటున్నాయి.